పెద్దకొడుకుకే కోట

841 నవంబరు ఆఖరున, దక్షిణ ఫ్రాన్సులోని యుజెస్ పట్టణంలో దువోదా అనే తల్లి తన పదిహేనేళ్ళ కొడుకు కోసం ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టింది. కొడుకు పేరు గియోమ్. అతన్ని తండ్రి బెర్నార్, రాజు చార్లెస్ దగ్గర తన విధేయతకు పూచీగా వదిలిపెట్టాడు. అదే ఏడు పుట్టిన రెండో బిడ్డను బాప్తిస్మం కూడా కాకముందే తల్లి దగ్గరినుంచి తండ్రి తన దగ్గరకు తెప్పించుకున్నాడు. పుస్తకం రాస్తున్ననాటికి ఆ పసివాడికి ఏం పేరు పెట్టారో కూడా ఆమెకు తెలియదు.

పెద్దకొడుక్కి ఆమె చెప్పిన బుద్ధుల్లో ఒకటి, చనిపోయిన బంధువుల కోసం ప్రార్థించమని. ముఖ్యంగా తండ్రి వైపువాళ్ళకోసం, ఎందుకంటే ఆస్తి వాళ్ళ దగ్గరినుంచే వచ్చింది. ఎవరు ఎంత విడిచిపెట్టి పోయారో వాళ్ళకు అంత ప్రార్థన రుణపడి ఉన్నావన్నది ఆమె భావం. గియోమ్‌ను పెంచిన పెదతండ్రి వరస బంధువు తన సొత్తు విడిచిపోయిన సంగతీ అందులో ఉంది. భూమి ఒక్క తండ్రి నుంచి ఒక్క కొడుక్కి సూటిగా దిగివచ్చే సొత్తుగా ఆమె రాతలో కనిపించదు. తాతలు, మేనత్తలు, పినతండ్రులు, జ్ఞాన తండ్రులు, అందరి చేతులమీదుగా అటూ ఇటూ మారుతూ వస్తుంది.

ఇక్కడినుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. మధ్యయుగపు ఫ్రాన్సు అనగానే కోట, కోటలో ప్రభువు, ప్రభువు తర్వాత పెద్దకొడుకు, ఇదే మన ఊహకు వస్తుంది. ఆ వరస అనాది ఆచారం కాదు. దాన్ని మనుషులు తయారుచేశారు. సుమారు మూడువందల ఏళ్ళపాటు, పెళ్ళిపీటల మీద, తగవుల్లో, దానపత్రాల్లో, ప్రభువుల కొలువుల్లో ముక్కముక్కగా తయారుచేశారు. ఖరీదు మాత్రం ఎక్కువగా ఆడపిల్లలూ చిన్నకొడుకులూ చెల్లించారు.

తొమ్మిదో శతాబ్దంలో పెద్ద కుటుంబాల భూములు ఒకచోట ఉండేవి కావు. ఒక జిల్లాలో నాలుగు ఊళ్ళు, మరో జిల్లాలో రెండు, ఇంకెక్కడో ద్రాక్షతోటలు. తండ్రి పోతే కొడుకులు పంచుకునేవారు, కూతుళ్ళకూ భాగం దక్కేది. కౌంటు పదవి మాత్రం రాజు ఇచ్చే కొలువు, తీసేసే హక్కూ రాజుదే. 877లో చార్లెస్ రాజు ఇటలీ దండయాత్రకు బయలుదేరుతూ కియెర్జీ అనే చోట ఒక శాసనం చేశాడు. తాను లేని సమయంలో ఎవరైనా కౌంటు మరణిస్తే, అతని కొడుకు హక్కును కాపాడుతూ తాత్కాలికంగా ఏర్పాట్లు చేయాలన్నది దాని సారం. వంశపారంపర్యపు పదవులు ఈ శాసనంతోనే పుట్టాయని పాత చరిత్రకారులు రాసేవారు. నిజానికి అప్పటికే సాగుతున్న వాడుకను రాజు కాగితం మీద ఒప్పుకున్నాడు, అంతే. ఆ ఏడాదే అతను దారిలో చనిపోయాడు.

దువోదా భర్త బెర్నార్‌ను 844లో ఈ చార్లెసే చంపించాడు. గియోమ్ తండ్రి పగ తీర్చుకోబోయి 850లో రాజపక్షం చేతిలో హతుడయ్యాడు. ఏ పేరు పెట్టారో తల్లికి కూడా తెలియని ఆ రెండో బిడ్డ బతికాడు. ఎక్కువమంది చరిత్రకారులు గుర్తించిన ప్రకారం అతడే ఒవెర్న్ కౌంటు బెర్నార్. అతని కొడుకే అకితేన్ డ్యూకు గియోమ్, 910 ప్రాంతంలో క్లూనీ మఠాన్ని స్థాపించినవాడు. అంటే దువోదా మనవడు. మఠానికి అతను దానమిచ్చిన క్లూనీ గ్రామం తండ్రి వారసత్వం కాదు. 893లో అతని సోదరి ఆవా అతనికి రాసిచ్చిన భూమి. డ్యూకు 918లో కొడుకులు లేకుండా పోయినప్పుడు అధికారం దక్కింది మరో సోదరి కొడుకులకు. మేనల్లుళ్ళు వారసులు కావడం, ఆడవాళ్ళ చేతిమీదుగా ఊళ్ళు మారడం అప్పటికి వింత కాదు.

ఈ కథ మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ క్లూనీ మఠమే ఆధారం. చుట్టుపక్కల వాళ్ళు మఠానికి రాసిచ్చిన దానపత్రాలు, కొనుగోళ్ళు, రాజీలు వేల సంఖ్యలో దాచి ఉంచారు సన్యాసులు. ఇరవయ్యో శతాబ్దంలో జార్జ్ ద్యూబీ అనే చరిత్రకారుడు వాటిని వరసగా చదివి మాకోన్ ప్రాంతపు సమాజం మీద 1953లో ఒక పుస్తకం వెలువరించాడు. నా దృష్టిలో భూమి గురించి రాసిన చరిత్రల్లో అంతటి ఓపికగల పని అరుదు. ఏ పత్రంలో ఎవరు సాక్షులు, ఎవరి పక్కన ఎవరి పేరు ఉంది, ఏ కొడుకు సమ్మతి తెలిపాడు, ఏ అల్లుడు తర్వాత వచ్చి పేచీ పెట్టాడు, ఇవన్నీ అతను చూశాడు.

ఆ పత్రాల్లో పదకొండో శతాబ్దం నాటికి ఒక పద్ధతి గట్టిపడింది. భూమి దానం చేసేవాడు ఒక్కడే సంతకం పెడితే చెల్లదు. భార్య, కొడుకులు, కూతుళ్ళు, తమ్ముళ్ళు ఒప్పుకోవాలి. పాలు తాగే బిడ్డను కూడా తీసుకొచ్చి ఒప్పించినట్టు రాసుకునేవారు. ఒప్పుకోని బంధువు ఏళ్ళ తర్వాతైనా వచ్చి నా భాగం సంగతేమిటని అడ్డుతగిలేవాడు. సన్యాసులు అతనికి కొంత వెండి ఇచ్చో, గుర్రం ఇచ్చో, చచ్చాక మఠంలో సమాధికి చోటిచ్చో రాజీపడేవారు. మనిషి తన భూమికి తానొక్కడే యజమాని కాడు, ఇంటివాళ్ళ తరఫున కాపలాదారు మాత్రమే అన్న భావన అలా పత్రాల్లోకి ఎక్కింది.

దీనికి కొంచెం ముందు, 1000 సంవత్సరానికి అటూ ఇటూగా, రాజు అధికారం పల్చబడింది. కోటలు పట్టుకున్నవాళ్ళే చుట్టూ ఉన్న ఊళ్ళమీద పన్నులు, తీర్పులు, వెట్టి అన్నీ తమవి చేసుకున్నారు. ఈ మార్పు ఎంత హఠాత్తుగా జరిగిందన్నదానిమీద చరిత్రకారులు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు. కానీ వారసత్వం మీద దాని ప్రభావం స్పష్టం. చెల్లాచెదురుగా ఉన్న పొలాలను నలుగురు అన్నదమ్ములు పంచుకోవచ్చు. కోటను పంచుకోలేరు. గోడలో పావు భాగం, కందకంలో పావు భాగం ఎవరికి పనికొస్తుంది? సైన్యాన్ని పోషించే ఆదాయం ముక్కలైతే పక్క కోటవాడు మింగేస్తాడు.

అందుకే కుటుంబం తనను తాను కుదించుకుంది. అంతవరకు మనుషులకు ఒంటి పేరే ఉండేది. ఇప్పుడు పేరు వెనక కోట పేరు వచ్చి చేరింది, తరతరాలకూ అదే పేరు. తల్లి వైపు, మేనత్త వైపు పెద్దలను గుర్తుపెట్టుకోవడం తగ్గి, కోటను మొదట పట్టుకున్న మూలపురుషుడి నుంచి కొడుకు, అతని కొడుకు అంటూ గీత గీసుకోవడం మొదలైంది.

ఆ గీత తెగకుండా, చీలకుండా చూసే పనిముట్టు పెళ్ళి. ఉత్తర ఫ్రాన్సు కుటుంబాలను చూసి ద్యూబీ పట్టుకున్న సూత్రం ఇది: కూతుళ్ళందరికీ పెళ్ళి చేయడం, కొడుకుల్లో ఒకడికే చేయడం. పెళ్ళికాని కొడుక్కి చట్టబద్ధమైన పిల్లలుండరు, కాబట్టి తర్వాతి తరంలో పంపకం ఉండదు. కూతుళ్ళను తమకంటే ఒక మెట్టు కింద ఉన్న కొలువుకాళ్ళకిస్తే అల్లుళ్ళు విధేయులై ఉంటారు. వాళ్ళ కొడుకులు మేనమామ ఇంట పెరిగి అతని సేవలోనే గుర్రమెక్కుతారు. అన్నిచోట్లా ఇది ఇంత కచ్చితంగా జరిగిందని అనుకోకూడదు. షాంపేన్ వంటి చోట్ల చిన్నకొడుకులకూ, కూతుళ్ళకూ భూములు అందుతూనే ఉన్నాయని తర్వాతి పరిశోధకులు చూపించారు.

పెళ్ళికూతురి చేతికి వచ్చేదీ మారింది. పాత రోజుల్లో వరుడే వధువుకు భూమి రాసిచ్చేవాడు. ఆ పత్రాల్లో కొన్ని ఎంతో అందంగా, బైబిలు మాటలతో మొదలవుతాయి. రానురాను ఆ భూమిమీద ఆమెకు అమ్ముకునే, దానమిచ్చే స్వేచ్ఛ పోయింది. భర్త పోయాక బతికినన్నాళ్ళూ అనుభవించి కొడుకులకు వదిలిపోయే మనోవర్తిగా అది మిగిలింది. మరోపక్క పుట్టింటివాళ్ళు ఇచ్చే కట్నం పెద్దదైంది. వీలైతే దాన్ని భూమి రూపంలో కాకుండా నగదుగా ఇచ్చి, ఇక నీకు ఇక్కడ భాగం లేదని తేల్చేసేవారు. భూమే ఇవ్వాల్సివస్తే తల్లి కట్నంగా తెచ్చిన భూమిని కూతురి కట్నంలోకి మళ్ళించి, తాతలనాటి కోటను ముట్టుకోకుండా చూసుకునేవారు.

తాతలనాటిది, సొంతంగా సంపాదించినది అన్న ఈ తేడా చాలా దూరం వెళ్ళింది. 1087లో ఇంగ్లండు విజేత విలియం మరణించినప్పుడు, తండ్రి నుంచి వచ్చిన నార్మండీ పెద్దకొడుకు రాబర్ట్‌కు వెళ్ళింది. రాబర్ట్ తండ్రిమీద కత్తి కట్టినవాడు, అయినా పిత్రార్జితం అతనికే దక్కింది. విలియం కత్తితో సంపాదించిన ఇంగ్లండు తర్వాతి కొడుకు విలియంకు వెళ్ళింది. ఆఖరివాడు హెన్రీకి దక్కింది భూమి కాదు, 5000 పౌండ్ల వెండి. 1096లో రాబర్ట్ క్రూసేడుకు వెళ్ళడానికి నార్మండీనే 10,000 మార్కులకు తమ్ముడికి తాకట్టు పెట్టాడు. భూమిలేని చిన్నకొడుకులను వదిలించుకోవడానికే క్రూసేడులు వచ్చాయని తరచూ వినే మాట నాకు నమ్మకంగా అనిపించదు. ఒక మనిషిని జెరూసలేము దాకా పంపడానికి ఇల్లు గుల్లయ్యేంత ఖర్చయ్యేది, వెళ్ళినవాళ్ళలో పెద్దకొడుకులూ, ఇంటి యజమానులూ ఎందరో ఉన్నారు.

మరి చిన్నకొడుకులు ఏమయ్యారు? కొందరు మఠాల్లో, చర్చి పదవుల్లో చేరారు. మిగిలినవాళ్ళు గుర్రాలెక్కి టోర్నమెంట్ల వెంట తిరిగారు. ముప్పయ్యేళ్ళు దాటినా, పెళ్ళీ భూమీ లేనంతకాలం వాళ్ళను 'యువకులు' అనే పిలిచేవారు. వాళ్ళ ఆశంతా ఒక్కటే, అన్నదమ్ములు లేని ఆడపిల్ల దొరకాలి. ఆమెతోపాటు కోట వస్తుంది.

ఈ వేటను దగ్గరగా చూసి రాసినవాడు ఆర్ద్ పట్టణపు పూజారి లాంబేర్. 1200 ప్రాంతంలో గీన్ కౌంట్ల చరిత్ర రాశాడు. కౌంటు బోద్వెన్ ఆర్ద్ వారసురాలిని పెళ్ళాడి రెండు ఇళ్ళనూ కలిపాడు. వాళ్ళ పెద్దకొడుకు ఆర్నూల్ 1181లో నైటు అయి, ఏళ్ళతరబడి టోర్నమెంట్లలో తిరిగాడు. బులోన్ కౌంటెస్ ఇదా మీద కన్నేశాడు. ఆమె అప్పటికే వితంతువు, గొప్ప ఆస్తిపరురాలు. ఈలోగా రెనో ద దామ్మార్తెన్ అనేవాడు ఆమెను ఎత్తుకుపోయి పెళ్ళిచేసుకుని బులోన్‌కు కౌంటు అయ్యాడు. చివరికి ఆర్నూల్‌కు బూర్‌బూర్ వారసురాలు బియాట్రీస్ దొరికింది. ఆమె సోదరుడు చనిపోవడంతో ఆ ఆస్తి ఆమెకు వచ్చింది. రెండు తరాల్లో రెండు పెళ్ళిళ్ళతో మూడు ఇళ్ళు ఒకటయ్యాయి. పెళ్ళినాటి రాత్రి పడకమీద మంత్రజలం చల్లి, ధూపం వేసి, సంతానం కలగాలని దీవించిన పూజారుల్లో లాంబేర్ తానే ఉన్నాడు. ఆ గదిలో అందరికీ కావలసింది వారసుడు. బియాట్రీస్‌కు ఏం కావాలో లాంబేర్ రాయలేదు.

పెళ్ళిని కుటుంబాలు ఇలా వాడుకుంటుంటే చర్చి మరోవైపు లాగింది. ఏడు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్ళి కూడదంది. సమానస్థాయి కుటుంబాలన్నీ ఏదో ఒక దారిలో బంధువులే అయిన చోట ఇది దాదాపు పాటించలేని నియమం. వద్దనుకున్న భార్యను వదిలించుకోవడానికి మాత్రం చక్కగా పనికొచ్చింది. అకితేన్ వారసురాలు ఎలియనోర్‌ను 1137లో పెళ్ళాడిన ఫ్రాన్సు రాజు లూయీ, పదిహేనేళ్ళ తర్వాత 1152 మార్చిలో బోజాన్సీ సభలో దగ్గరి చుట్టరికం కారణం చూపి ఆ పెళ్ళిని రద్దు చేయించుకున్నాడు. ఇద్దరు కూతుళ్ళే తప్ప కొడుకు పుట్టకపోవడం దాని వెనక ఉన్న దిగులు. రెండు నెలలైనా తిరగకుండా ఎలియనోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్ళాడింది. అతనూ అంతే దగ్గరి చుట్టం. ఆమెతోపాటు లువార్ నది నుంచి పిరనీస్ కొండల దాకా ఉన్న దేశం వెళ్ళిపోయింది. 1215లో నాలుగో లాటరన్ సభ ఆ ఏడు తరాలను నాలుగుకు తగ్గించింది. వధూవరుల సమ్మతే పెళ్ళికి ప్రాణమని కూడా చర్చి పండితులు పన్నెండో శతాబ్దంలో స్థిరపరిచారు. ఆడపిల్ల నోటి మాటకు అంతటి విలువ ఇచ్చిన మరో సంస్థ అప్పట్లో లేదు, అది ఆచరణలో ఎంత దక్కిందన్నది వేరే సంగతి.

చర్చి బిగించిన మరో ముడి, సక్రమ సంతానం. 1035లో నార్మండీ డ్యూకు అయిన విలియం పెళ్ళికాని తల్లికి పుట్టినవాడు. సరిగ్గా నూరేళ్ళకు, 1135లో అతని కొడుకు హెన్రీ రాజు మరణించినప్పుడు ఆ రాజుకు సమర్థుడైన కొడుకు రాబర్ట్ ఆఫ్ గ్లోస్టర్ ఉన్నాడు. పెళ్ళి వెలుపల పుట్టినవాడు కావడంతో సింహాసనం అతని దరికి రాలేదు.

రాతపూర్వకమైన నియమాలు వీటన్నిటి తర్వాత వచ్చాయి. 1185లో బ్రిటనీ డ్యూకు జెఫ్రీ, బారన్ల కోరికమీద, బారనీలనూ నైటు ఫీఫులనూ ఇకమీద పంచకూడదని శాసించాడు. కొలువుకు ప్రతిఫలంగా ప్రభువు దగ్గరినుంచి పొందిన భూమే ఫీఫు. అది పెద్దవాడికే, తమ్ముళ్ళకు అతను తగినట్టు చూడాలి. జెఫ్రీకి ఆ డచీ వచ్చింది భార్య కాన్‌స్టాన్స్ వల్లనే. అతను మరుసటి ఏడే చనిపోయాడు, శాసనం మాత్రం శతాబ్దాలు నిలిచింది. కొన్నిచోట్ల తమ్ముళ్ళు భాగాలు తీసుకుని అన్నకే కట్టుబడి ఉండేవారు, పైప్రభువుకు అన్న ఒక్కడే జవాబుదారు. దీనివల్ల రాజుకు కిందివాళ్ళమీద పట్టు జారుతుంది. 1209లో ఫిలిప్ ఒగుస్ట్ రాజు కొందరు పెద్ద ప్రభువులతో కలిసి, పంచుకున్నవాళ్ళంతా నేరుగా పైప్రభువుకే కట్టుబడాలని తీర్పు చేశాడు. 1212లో షాంపేన్‌ను కొడుకు తరఫున ఏలుతున్న కౌంటెస్ బ్లాన్ష్, కొడుకులు లేని ఇంట కూతుళ్ళు ఎలా పంచుకోవాలో బారన్లతో కలిసి నిర్ణయించింది. కోట పెద్దకూతురికి, మిగతావాళ్ళకు భూములు. ఆమె కొడుకు తిబో 1224లో కొడుకులకు కూడా అలాంటి లెక్కే కట్టాడు. 1214లో ఫిలిప్ ఒగుస్ట్, పెళ్ళినాటికి భర్తకున్న ఆస్తిలో సగం వితంతువు మనోవర్తికి అని స్థిరపరిచాడు.

ఈ చివరి సంగతి మనకు చెప్పినవాడు న్యాయాధికారి ఫిలిప్ ద బోమనువార్. 1283లో ముగించిన తన గ్రంథంలో బోవే ప్రాంతపు ఆచారాలను అసలు తగవులతో కలిపి రాశాడు. అక్కడ ఫీఫులో పెద్దకొడుక్కి ముఖ్యమైన ఇల్లూ మూడింట రెండు వంతులూ, మిగిలిన వంతు తక్కినవాళ్ళందరికీ. వంశపు భూమిలో అయిదో వంతు మించి వీలునామాలో ఎవరికీ ఇవ్వకూడదు. బయటివాడికి అమ్మితే, ఏడాదీ ఒకరోజులోపు బంధువు అదే ధర కట్టి వెనక్కి తీసుకోవచ్చు. అటు పొలాల్లో పనిచేసే రైతుల ఆస్తికి ఈ జ్యేష్ఠభాగం లేదు, పిల్లలు సమంగా పంచుకునేవారు. పెద్దవాడి హక్కు ప్రకృతి ధర్మమైతే పేదవాడి ఇంట కూడా ఉండాలి కదా.

దక్షిణాదిన దారి వేరు. అక్కడ రోమన్ న్యాయం వల్ల తండ్రి వీలునామాతో వారసుణ్ణి ఎంచుకునేవాడు, కట్నం తీసుకున్న కూతురు ఇంకేమీ అడగకూడదనేవారు. మోంపెలియే ప్రభువు గియోమ్ తన కూతురు మరీని 1197లో పెళ్ళిచేసి పంపుతూ, రెండో స్త్రీ కొడుక్కి అనుకూలంగా ఆమెచేత హక్కు వదిలింపజేశాడు. ఆ రెండో పెళ్ళి చెల్లదని పోపు ఆ కొడుకును సక్రమ సంతానంగా ఒప్పుకోలేదు. 1204లో మరీ పట్టణానికి యజమానురాలై, ఆరగాన్ రాజును పెళ్ళాడింది. అదే ఆగస్టులో దంపతులు ప్రకటించిన పట్టణ శాసనంలో, కట్నమిచ్చి పంపిన కూతురు మళ్ళీ భాగం అడగరాదన్న నియమమూ ఉంది. ఏ నియమం కింద తనను పక్కకు నెట్టారో అదే ఆమె పేరుమీద చట్టమైంది. ఈ ఒక్క ఘట్టం చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

ఈ నియమాల వల్ల అందరికంటే లాభపడింది రాజవంశం. 1180లో ఫిలిప్ ఒగుస్ట్ భార్య ఇసబెల్ కట్నంగా ఆర్త్వా ప్రాంతం రాజుకు దక్కింది. 1229 ఒప్పందంలో తులూజ్ కౌంటు రేమోన్ తన ఒక్కగానొక్క కూతురు జాన్‌ను రాజు తమ్ముడికివ్వాల్సి వచ్చింది. వాళ్ళు పిల్లలు లేకుండా పోతే తులూజ్ రాజుదని షరతు. 1271లో దంపతులు కొద్దిరోజుల తేడాతో చనిపోయారు, తులూజ్ రాజుకు చేరింది. యుద్ధం సగం తెచ్చిన దక్షిణాదిని పెళ్ళిపత్రం పూర్తి చేసింది.

ఆర్త్వాను తర్వాత రాజవంశంలోని ఒక చిన్నకొడుక్కి ఇచ్చారు. అతని కొడుకు రాబర్ 1302లో కూర్‌త్రే యుద్ధంలో కూలాడు. అతని కొడుకు అంతకు నాలుగేళ్ళ ముందే పోయాడు. మిగిలింది కూతురు మహో, చనిపోయిన కొడుకు బిడ్డ మరో రాబర్. తండ్రి స్థానంలో మనవడు నిలవడం ఆర్త్వా ఆచారం ఒప్పుకోదు, బతికున్న దగ్గరివారికే హక్కు. 1309లోనూ 1318లోనూ తీర్పు మహో పక్షమే. రాబర్ చివరికి దొంగపత్రాలు పుట్టించాడు. 1331లో అవి బయటపడ్డాయి, తయారుచేసిన స్త్రీని సజీవంగా కాల్చారు, రాబర్ దేశం విడిచి ఇంగ్లండు రాజు పంచన చేరాడు. ఇదే మహో అల్లుడు ఫిలిప్ 1316లో అన్న కూతురైన నాలుగేళ్ళ జాన్‌ను తోసిపుచ్చి ఫ్రాన్సు సింహాసనం ఎక్కాడు. ఆడది సింహాసనానికి రాదని మరుసటి ఏడాది సభచేత అనిపించుకున్నాడు. ఆడవాళ్ళ వారసత్వానికి అడ్డుచెప్పే సాలిక్ చట్టం పేరు అప్పుడెవరూ ఎత్తలేదు. 1358లో ఒక సెయింట్ డెనిస్ సన్యాసి పాత గ్రంథంలో దాన్ని వెతికి తీశాక, జరిగిపోయినదానికి ప్రాచీన ఆధారం తగిలించారు. సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటుకు తర్వాత ప్రాచీనత్వం అంటగట్టడం ఈ చరిత్రలో చాలాసార్లు జరిగింది, జ్యేష్ఠాధికారం విషయంలోనూ అదే.

ఫ్రెంచి విప్లవ కాలపు జాతీయ సభ 1790 మార్చి 15న ఫీఫుల్లో పెద్దకొడుకు హక్కునూ మగవాడి హక్కునూ రద్దు చేసింది. 1791 ఏప్రిల్‌లో వీలునామా లేని ఆస్తులన్నిటిలో పిల్లలకు సమాన భాగం చేసింది. 1804 నాటి సివిల్ కోడు దాన్ని నిలబెట్టింది. ఆనాటినుంచి ఫ్రాన్సులో కూతురికీ కొడుకుకీ, ముందు పుట్టినవాడికీ తర్వాత పుట్టినవాడికీ తల్లిదండ్రుల వారసత్వంలో చట్టం ఒకే వాటా ఇస్తోంది.